కొంగు చాటు నవ్వు

ఆ సైన్స్ టీచరమ్మ నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. పలువరుస అంత చక్కగున్న మనిషి ఎందుకు దాచుకుంటదో నాకు సమజయ్యేది కాదు.

ఎనభైలల్ల సూర్యాపేటల నేను బోర్డులు రాస్తుంటి. బడి ఎగ్జిబిషన్ల ఆమె ఒక గదినిండ మంత్రగత్తెల చరిత్ర పెట్టి, బొమ్మలు గీయనీకి నన్ను పిలిచింది. నల్ల పరదాల నడుమ చీకట్ల నడుస్తుంటే, దాచిపెట్టిన టేప్‌రికార్డర్ గుసగుసలాడేది: "గదే, బాణామతి చేసేది గదే!" చివర్ల దీపం కింద ఒక ముసలామె బొమ్మ. నేను దానికి కోరలు గీసిన.

టీచరమ్మ దగ్గరికొచ్చి చూసింది.

"కోరలు తుడిచెయ్యన్నా. అసలు పండ్లే ఉండొద్దు. మంత్రగత్తె అని ముద్రేసినోళ్ల పండ్లు, మంత్రం సరిగ పలకొద్దని ఊరోళ్లు రాయితోని రాలగొడ్తరు."

"మీకెట్ల ఎరుక టీచరమ్మా?"

"నన్ను సాది పెంచింది మా అమ్మమ్మ. నవ్వినప్పుడల్ల కొంగు అడ్డం పెట్టుకునేది. నవ్వుడంటే గట్లనే అనుకున్న."

నేను కోరలు తుడిచి, ముసలామెకు బోసినవ్వు గీసిన. కొంగు అడ్డం పెట్టలే. అది చూసి టీచరమ్మ నవ్వింది. చెయ్యి కొంగు దాకా పోయి, ఆగింది.

ఆ ఏడే ఆమెకు మిర్యాలగూడకు బదిలీ అయింది. ఇప్పటికీ ఆ దిక్కు బస్సెక్కితే నా కండ్లు ఆ నవ్వునే దేవులాడుతయి.