మా బావ పేర్చిన ఖర్చుల గోడ

మా బావ వడ్రంగి. ఊళ్లో అందరూ ఆయన్ని టేపు అంటారు. పెళ్లిరోజు కూడా జేబులో కొలతల టేపు పెట్టుకునే వచ్చాడని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఊరికే కూర్చోలేక గుమ్మం కొలిచి, "ఒక పక్క అరంగుళం వాలింది మావయ్యా" అన్నాడు. మా నాన్న ముఖం మాడ్చుకున్నాడు. నేను మాత్రం ఈ మనిషికి అబద్ధం చెప్పడం చేతకాదని, అక్క బతికిపోయిందని సంబరపడ్డాను.

నాకు ఆయనంత ఓపిక లేదు. నేను కరెంటు పనివాణ్ణి. చిన్నమాటకే ఒంటికాలి మీద లేస్తాను. ముప్ఫై అయిదేళ్లుగా ఆయన్ని ఆటపట్టిస్తూనే ఉన్నాను, ఒక్కసారైనా కోపం తెప్పించలేకపోయాను.

అక్కాబావలకి ఒక్కతే కూతురు. అమ్మలు అని పిలుస్తాం. మూడో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. అక్క మంచం పట్టినంత పని చేసింది. బావ మాత్రం ఉలి తీసుకుని, పిల్ల చేతికి అందే ఎత్తులో తలుపులన్నిటికీ గాట్లు పెట్టాడు. వంటింటికి ఒక గాటు, పడకగదికి రెండు, వీధి తలుపుకి మూడు. వారం తిరిగేసరికి పిల్ల ఇల్లంతా తిరిగేసింది. తర్వాత కేంద్ర సర్కారు నడిపే అంధుల బడిలో వేశారు. ఉండటం, తిండి, వేలితో చదువుకునే చుక్కల పుస్తకాలు, అన్నీ వాళ్లవే. ఇప్పుడు అమ్మలు కాలేజీలో చరిత్ర పాఠం చెబుతుంది. మా వంశంలో అంత చదివినవాళ్లు ముందూ లేరు, వెనకా లేరు.

ఒకసారి భోజనాల దగ్గర అమ్మలు అంది. "పుస్తకాల్లో గీతల బొమ్మలుంటాయి కదా మావయ్యా, ఏ ఏడాది ఎంత పెరిగిందీ, ఎంత తగ్గిందీ అని. అవి నాకెవరో ఒకరు చదివి చెబుతారు. పెరిగింది అంటారు, సరే అంటాను. ఎలా పెరిగిందో, ఎక్కడ ఒంపు తిరిగిందో నాకేం తెలుసు?" ఆమె మామూలుగానే అంది. బావ ముద్ద మధ్యలోనే ఆగిపోయాడు.

ఆ మరుసటి నెలలోనే ఖజానా శాఖ పాత భవనంలో కింది అంతస్తును ప్రదర్శనశాలగా మారుస్తున్నారని తెలిసింది. నేను అక్కడ దీపాలు బిగిస్తున్నాను. హాల్లో ఒక పొడుగాటి గోడ ఉంది. డెబ్బై ఏళ్లుగా కేంద్ర ప్రభుత్వం ఏటా ఎంత ఖర్చు పెట్టిందో, దేనికి పెట్టిందో ఆ గోడమీద చెక్కతో చూపించాలట. ఈ ఆలోచన అక్కడి లెక్కల మేడంది. బావకి కబురు పెట్టాను. ఆయన వచ్చి మేడంని ఒకే ప్రశ్న అడిగాడు. "జనం చేత్తో తాకొచ్చామ్మా?"

"తాకడానికే కదండీ చెక్కతో చేయించేది!" అంది మేడం.

ఆ ఒక్కమాటకి బావ చేతిలో ఉన్న రెండిళ్ల తలుపుల పని వదులుకున్నాడు. ఎందుకో నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. ఆ గోడని అమ్మలు చదవాలి.

మొదట ఉన్న మొత్తాలని ఉన్నట్టే చూపిద్దామనుకున్నారు. మొదటి ఏడాదికి బావ బొటనవేలంత ముక్క కోశాడు. మరి ఈ ఏడాదికి ఎంత పొడుగు కోయాలి అని అడిగాడు. మేడం లెక్కవేసి, కళ్లజోడు తీసి, కప్పు వంక చూసింది. "ఈ కప్పు దాటాలి. పైన అంతస్తులన్నీ దాటాలి. ఆపైన కూడా చాలా ఉంది" అంది. బావ నోరు వెళ్లబెట్టాడు. "దానికి లైట్లు నేనే పెట్టాలా మేడం? ముందు నిచ్చెన ఇప్పించండి" అన్నాను నేను.

మేడం నవ్వి, బావని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ధరలు పెరిగాయి, జనం పెరిగారు, దేశం సంపాదనా పెరిగింది. ఉత్త మొత్తాలు చూస్తే కళ్లు తిరగడమే తప్ప ఏమీ తెలియదు. ఇంటి ఖర్చయినా అంతే కదా, సంపాదనలో ఎన్నో వంతు అని చూడాలి. అందుకని నేలనుంచి కప్పుదాకా ఉన్న ఎత్తును ఆ ఏడాది దేశమంతా కలిసి సంపాదించినదిగా అనుకోవాలి. అందులో సర్కారు ఖర్చుపెట్టిన వంతు మేరకు కిందనుంచి చెక్క పేర్చాలి. ఏడాదికొక నిలువు వరస.

బావ పేర్చడం మొదలుపెట్టాడు. సైన్యానికి టేకు. పాత అప్పుల మీద వడ్డీకి నల్లచెక్క. పింఛన్లకి పసుపుచెక్క. బళ్లకి తెల్లది, ఆస్పత్రులకి ఎర్రది. రంగులు కళ్లున్నవాళ్లకి. చేతులకోసం ఆయన మరో పని చేశాడు, ఎవరూ అడగకుండానే. నల్లచెక్కని అద్దంలా నున్నగా చిత్రిక పట్టాడు. టేకుకి సన్నని గీతలు పెట్టాడు. పసుపుచెక్కకి ఉప్పుకాగితం తగలనివ్వకుండా గరుకుగానే వదిలేశాడు. తెల్లదానికి చుక్కలూ, ఎర్రదానికి అడ్డగీతలూ పెట్టాడు. దేన్ని ముట్టుకుంటే అది ఏమిటో వేలికే తెలుస్తుంది.

ఆ గోడ పెరుగుతుంటే చూడటానికి నేను పని మానుకుని మరీ నిలబడేవాణ్ణి. మొదటి ఏళ్లలో చెక్క నా మోకాలి కిందే ఉంది. యుద్ధం వచ్చిన ఏడు టేకు ఒక్కసారిగా ఉబ్బింది, వరస నా తొడలదాకా లేచింది. యుద్ధం ఆగింది, టేకు సన్నబడింది. కానీ ఎత్తు మాత్రం పాత చోటికి దిగలేదు. టేకు ఖాళీ చేసిన జాగాలోకి నల్లచెక్క వచ్చింది, తెల్లదీ ఎర్రదీ వచ్చాయి. మొదట్లో గీతలా ఉన్న పసుపు చివరికొచ్చేసరికి జానెడైంది. ఈ ఏటి వరస నా నడుము దాకా వచ్చింది. నేను పుట్టిన ఏడు, మా నాన్న పింఛను మొదలైన ఏడు, అన్నీ ఒక్క గోడమీద వరసగా నిలబడి ఉన్నాయి.

ఒకరోజు బావ నెమ్మదిగా అడిగాడు. "మేడంగారూ, అంధుల బడులు ఇందులో ఎక్కడొస్తాయి?"

మేడం మర్నాడు లెక్క తెచ్చింది, కానీ చెప్పడానికి మొహమాటపడింది. దేశంలో ఉన్న అలాంటి బడులన్నీ కలిపినా వెంట్రుక మందమే వస్తుందట. అంత సన్నంగా చెక్క కోసే రంపం ఎక్కడా లేదు.

"కాస్త మందంగా పెట్టెయ్యి బావా. ఎవడు కొలుస్తాడు?" అన్నాను.

"నేను కొలుస్తాన్రా" అన్నాడు. "దీన్ని పెంచాలంటే పక్కదాన్ని కొయ్యాలి. పక్కనున్నది ఎర్రచెక్క, క్షయ మందులు. ఎవరి నోటి దగ్గర్నుంచి తియ్యమంటావు?"

రెండు రోజులు ఆయన సరిగ్గా తినలేదు. మూడోరోజు ఈ ఏటి వరసలో తెల్లచెక్కకీ ఎర్రచెక్కకీ జిగురు రాసి, బిగించి, ఆరాక ఆ అతుకు వంక చాలాసేపు చూశాడు. "ఈ జిగురు గీత అంత మందమే రా. సరిగ్గా ఇంతే" అన్నాడు. మిగతా అతుకులన్నీ వేలికి తెలియకుండా నున్నగా రుద్దేసి, ఆ ఒక్క అతుకును మాత్రం అంధుల బడులుగా ఉంచేశాడు. గోరుపెట్టి లాగితే తగులుతుంది. మేడం లెక్క సరిచూసి ఒప్పుకుంది.

ఇక పని అయిపోయిందనుకున్న వారంలో ప్రదర్శనశాల పెద్దసారు వచ్చాడు. గోడ చూసి మురిసిపోయాడు. వెంటనే దాని ముందు అడ్డంగా నిలువెత్తు గాజు అద్దం పెట్టించమన్నాడు. "ఇన్ని వేలమంది చేతుల జిడ్డు పడితే ఏడాదిలో నల్లబడిపోతుందండీ. జనం సొమ్ముతో చేసింది, మనమే కాపాడుకోవాలి." ఆయన మాటలో తప్పు పట్టడానికేం లేదు, అదే నాకు ఇంకా మండింది. అద్దం వెనక ఉన్న గోడ మా అమ్మలుకి లేనట్టే కదా! గట్టిగానే అరిచాను. మేడం కూడా బతిమాలింది. పెద్దసారు ససేమిరా అన్నాడు.

బావ టేపుని చేతిలో తిప్పుతూ, "అద్దం ఎక్కేలోపు మా అమ్మాయిని ఒక్కసారి తీసుకురానిస్తారా సార్?" అని మాత్రం అడిగాడు.

అద్దాలవాళ్లు వచ్చే రోజు పొద్దున్నే అమ్మలు వచ్చింది. గోడ మొదట్లో వంగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి చదవడం మొదలుపెట్టింది. చేతులు మెల్లగా కుడివైపు జరుగుతున్నాయి.

"యుద్ధం ఇదే కదూ?" అంది ఉన్నట్టుండి. గీతల టేకు మీద అరచేయి పాకించింది. ఇంకాస్త జరిగి ఆగిపోయింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. "నాన్నా, యుద్ధం అయిపోయింది. కానీ ఎత్తు దిగలేదేంటి! ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఇంతలా ఉంటుందని నాకు తెలీదు."

చెబుతూనే లేచి నిలబడింది, చెక్క వరసలు కూడా ఆమెతోపాటు లేచాయి. ఈ ఏటి వరస దగ్గరికి వచ్చేసరికి అద్దాలవాళ్లు అద్దాన్ని మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. వాళ్ల వెనకే పెద్దసారు. బావ వాళ్లకేసి చూడలేదు. కూతురి వేలు పట్టుకుని ఆ అతుకు మీద పెట్టాడు.

"ఇది మీ బడి అమ్మలూ. మీ ఒక్కదే కాదు. దేశంలో ఉన్న మీలాంటి బడులన్నీ."

అమ్మలు గోటితో ఆ గీతను అటూ ఇటూ లాగి చూసింది. ఇంతేనా అని నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను.

"మా హాస్టలు కూడా ఇందులోనేనా?"

"ఇందులోనే."

"చుక్కల పుస్తకాలు? జ్వరమొస్తే పక్కన పడుకున్న వంటావిడ జీతం? పాటల మాస్టారు?"

"అందరూ ఇందులోనే తల్లీ."

ఆమె గోరు తీసి, అరచేతులు రెండూ బార్లా చాపి, తెల్లచెక్క మీద, ఎర్రచెక్క మీద, పసుపు మీద, నడుము నుంచి కిందికి తడుముతూ వెళ్లింది.

"మేమంతా ఆ సన్నగీతలో పట్టామా? అయితే ఇదంతా ఎవరు నాన్నా?"

ఆరు నెలలుగా నేను చెక్కనే చూస్తున్నాను. ఆ గోడనిండా మనుషులున్నారు.

పెద్దసారు అద్దాలవాళ్ల వైపు తిరిగి, దాన్ని వెనక్కి పట్టుకెళ్లమని చేత్తో సైగ చేశాడు. తర్వాత వచ్చి అమ్మలు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాకూ చూపించమ్మా. వేలు ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.