వెండి చెవి

మొన్న మా వంటింట్లోంచి నువ్వుల నూనెలో వెల్లుల్లి వేగే వాసన రాగానే నా ఎడమ చెవి చుర్రుమంది. మనవరాలి చెవి కారుతోందని నా భార్య నూనె కాచుతోంది. గిన్నె దింపించి, పిల్లను తిరువళ్లూరులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

నా చిన్నతనంలో, తిరుత్తణి దగ్గర మా ఊరు కే.జీ.కండిగైలో, ఆ నూనె కాచేది మా అత్త, నాన్నకు అక్క. ఆడి నెల ఆషాఢపు గాలికి వాకిట్లో దుమ్ము లేస్తుంటే, ఉడుకుతున్న చెనిక్కాయల ఆవిరి, తడిసిన గోనెసంచులు, ఆమె కొంగుకు పట్టిన వక్కపొడి అన్నీ కలిసిన వాసనలో ఆమె ఒడిలో తల పెట్టుకుని పడుకునేవాణ్ణి. గోరువెచ్చని చుక్క చెవిలోకి జారగానే ఊరి చప్పుళ్లన్నీ ఎక్కడికో దిగిపోయేవి. అంత మెత్తని ఒడి మళ్లీ దొరకలేదు. అంత కటువైన నోరూ దొరకలేదు.

చీము కారే నా చెవి ఆసుపత్రి మాత్రలతో ఆరేది. ఆరగానే అత్త మాత్రలు ఆపించి, తిరుత్తణికి పోయి, అంగట్లో గోరంత వెండి చెవి కొని, కొండ మీది స్వామి హుండీలో వేసి వచ్చేది. ఏ అవయవం బాగైతే ఆ అవయవాన్ని వెండితో చెల్లించడం మా వైపు మొక్కు. తర్వాత ఒక చలిగాలి, ఒక తుమ్ము, మళ్లీ చీము. నేను మోటారు బావిలో దూకి, స్వామి ఇచ్చింది చెడగొట్టుకున్నానని ఇల్లంతా తేల్చేసేది.

"బాయిలో దిగలేదత్తా!"

"దిగకుండా చీము యాడినించి వస్తాదిరా? ఆకాశం నించి ఊడిపడతాదా?"

"నేను చూసినానమ్మా," అని పక్కన చెనిక్కాయలు ఒలుచుకుంటూ పళ్లికిలించేవాడు ఆమె కొడుకు, మా బావ. చూడలేదు. పచ్చి అబద్ధం.

ఒక ఏడు ఆడికృత్తికకు, ఆ స్వామి పండక్కి, భుజాన ఎత్తుకుని కొండెక్కడానికి నాకోసం చిన్న పూలకావడి కట్టించారు. దానికి నెమలి ఈకలు చేలన్నీ తిరిగి నేనే ఏరి తెచ్చాను. పండగ ముందు రోజు చెవి కారింది. "మొక్కు చెడగొట్టినోడు కావడి ఎత్తగూడదు," అంది అత్త. నా ఈకలు బావ భుజం మీద ఊగుతూ కొండెక్కాయి. పసుపు బట్టలు, సాంబ్రాణి పొగ, హరోంహరా కేకలు మెట్ల వెంట పైకి పోతుంటే, నన్ను కింద అందరి చెప్పులకు కాపలా పెట్టారు. చెప్పులకు! అది మరిచిపోలేదు, మరిచిపోను.

డాక్టరమ్మ మనవరాలి చెవి చూసి చెప్పింది: కొన్ని సూక్ష్మజీవులు లోపల జిగురు పొర అల్లుకుని, దాని చాటున గుంపుగా బతుకుతాయట. బయోఫిల్మ్ అంటారట. మందు బయట తిరిగేవాటిని చంపుతుంది, పొర కింద ఉన్నవి చాలావరకు తప్పించుకుంటాయి. చెవి ఆరినట్టు కనిపించినా అవి లోపలే కాచుకుని ఉంటాయి. నీళ్లలో దిగకపోయినా ఒక్క జలుబు చాలు. "పిల్లను తిట్టకండి, దాని తప్పేం లేదు. నూనె మాత్రం పొయ్యొద్దు," అంది.

మర్నాడే కండిగై బస్సెక్కాను. మోటారు బావి పూడ్చేశారు. చెనిక్కాయల చేలో ప్లాట్ల రాళ్లు నాటారు. బావ ఇప్పుడు కారులో కొండెక్కుతాడు. అత్తకు మోకాళ్లు మడతపడవు, ఇక ఒడి ఎక్కడిది? అరుగు మీద కాళ్లు చాపుకుని, డాక్టరమ్మ మాటలు నేను చెబుతుంటే అంతా విన్నది.

"అయితే లోపలే కాపురం పెట్టినాయా, ముదనష్టపువి! మరి మీ బావ చూసినానన్నాడే?"

"అబద్ధం చెప్పినాడు."

"నీ తప్పు లేదురా నాయినా," అంది అత్త మెల్లగా. "ఆ కావడి నువ్వే ఎత్తాల్సింది."

నేను నా ఎడమ చెవి, సగమే వినబడేది, ఆమె వైపు తిప్పాను. "వినబళ్లేదత్తా. ఇంగోసారి గట్టిగా చెప్పు, లోపల బావ ఉండాడు."