సబ్బుబిళ్లలో స్క్రూలు

మిక్సీ పిన్ని చెయ్యి వేస్తే చచ్చిన మోటారు లేచి కూర్చుని మంచినీళ్లు అడుగుతుంది. భయానికే ఆమె గుమ్మం తొక్కాలంటే భయం. కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి. కాదన్నారంటే ఆ వీధివాళ్లకు కళ్లు కుట్టాయన్నమాట.

ఆమె బడి చదువు ఎనిమిదితో సరి. మిగతాదంతా ఫోనులోనే. దేశదేశాల రిపేరు పనివాళ్లు కలిసి పెట్టుకున్న గ్రూపులో చేరి, వాళ్ల వీడియోలు ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి నేర్చుకుంది. బదులుగా తన విద్య ఒకటి వాళ్లకు నేర్పింది. విప్పిన స్క్రూలను తడి సబ్బుబిళ్లలో వరసగా గుచ్చితే ఏది ఎక్కడిదో మరిచిపోరు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో పిన్ని వాళ్లక్క ఆక్సిజన్ మిషను బుసబుసలు ఆపి కీచుమని అరవడం మొదలెట్టింది. ఊపిరితిత్తులు చెడిన అక్కకు ఆ మిషనే ఊపిరి. పిన్ని పరుగున వెళ్లి చిన్న సిలిండరు తగిలించింది. సిలిండరు మీటరులో ముల్లు చూస్తే అరగంటకు మించి రాదు. అంబులెన్సుకు ఫోను చేస్తే, వంతెన మీద లారీ అడ్డం పడింది, గంట పడుతుందన్నారు.

పిన్ని మిషను ముందు చతికిలబడి గ్రూపులో గోడు పెట్టింది. ఇద్దరు వీడియోలోకి వచ్చారు. ఒకామె ఎక్కడో ఆస్పత్రిలో మిషన్లు బాగుచేస్తుంది, తెలుగామే. రెండో ఆయనది బట్టతల. ఆయన మాట పిన్నికి ఒక్క ముక్క అర్థం కాదు.

"ప్లగ్గు పీకావా చెల్లీ?" అంది తెలుగామె.

"పీకానండీ. చేతులే మాట వినడం లేదు."

మంచం మీంచి అక్క అందుకుంది. "చిన్నప్పుడు నా గడియారం విప్పావు. ఇప్పటిదాకా బిగించలేదు. గుర్తుందా?"

"నీకు దణ్ణం పెడతా, మాట్లాడకే అక్కా! గాలి అయిపోతుంది."

"అయితే నన్ను చూడ్డం మాని దాన్ని చూడు."

స్క్రూడ్రైవరు గాడిలో నిలవడం లేదు. అప్పుడు బట్టతలాయన కెమెరా కిందికి వంచాడు. ఆయన బల్ల మీద అలాంటి మిషనే. పక్కనే సబ్బుబిళ్ల. ఒక స్క్రూ విప్పి సబ్బులో గుచ్చి, ఇక నీ వంతన్నట్టు ఆగాడు. పిన్ని ఒకటి విప్పింది. ఆయన ఇంకొకటి. అలా వాల్వు దాకా వచ్చారు. దాని నిండా తెల్లటి పొడి, పిండిలా గడ్డకట్టి ఉంది. బ్రష్షుతో దులిపింది. సిలిండరు ముల్లు ఎర్రగీతకు దిగింది. వాల్వు ఇంకా బిగుతుగానే ఉంది. ఇరవయ్యేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి నూనెడబ్బా మీదికి పోయింది.

ఫోనులో ఇద్దరూ ఒక్కసారే, ఎవరి భాషలో వాళ్లు, కేక పెట్టారు.

"నూనె వద్దు! ఆక్సిజన్ దగ్గర చుక్క నూనె చాలు, నిప్పంటుకుంటుంది!"

డబ్బా జారి దొర్లింది. బట్టతలాయన తన వాల్వును వేలితో అటూ ఇటూ మెల్లగా ఆడించి చూపాడు. పిన్ని కూడా ఆడించింది. టక్కుమని కదిలింది.

మూత పెట్టి ప్లగ్గు గుచ్చింది. చప్పుడు లేదు. అక్క పెదవులు నీలిరంగుకు తిరుగుతున్నాయి. పిన్ని ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బుస్... బుస్...

ఇప్పుడు వీధిలో చెప్పుకునే కథేమిటంటే, ఒక చేత్తో టీ తాగుతూ, రెండో చేత్తో అయిదు నిమిషాల్లో బాగుచేసిందట. ఆ మాట పిన్ని చెవిన వేస్తే తల కూడా ఎత్తలేదు.

"ఇరవై ఆరు నిమిషాలు. రెండు చేతులూ వణికాయి. రెండు స్క్రూలు ఇంకా సబ్బులోనే ఉన్నాయి."