నిలబడి తినే కాక

ఎనభైల మొదట్లో, దుబాయిలో, సత్వా పేటలోని ఒక గదిలో మేం ఎనిమిది మందిమి. నాలాగే బుల్డోజర్ నడిపే కాక ఒక్కడే నిలబడి తినేవాడు. కూర్చోమంటే, "పొద్దంతా బండి మీద కూసునుడే గద బిడ్డా," అని నవ్వి బీడీ ముట్టించేవాడు.

దొడ్డికి పోతే నెత్తురు పడుతోందని ఒకనాడు నాకొక్కడికే చెప్పాడు. ఎండకు కాలే సీటు వల్ల మొలలొచ్చాయనుకుని, నా మొలలు తగ్గించిన మందు ట్యూబు ఇచ్చాను. ఏడాదిపాటు అదే కొని పూసుకున్నాడు.

చివరికి డాక్టరు అది మలద్వారం క్యాన్సరని, చాలా ఆలస్యమైందని చెప్పాడు. సీటు సంగతి అడగనేలేదు. బీడీలు ఎన్నేళ్లుగా తాగుతున్నావని అడిగాడు. పొగ కూడా ఈ రోగానికి ఒక కారణమట.

ఊరికి పంపేనాడు కాక ఆఖరి ట్యూబు నా చేతిలో పెట్టాడు.

"ఇంక జరంత ఉన్నది. ఉంచుకో బిడ్డా, నువ్వు గూడ బండి మీదనే కూసుంటవు గద."