కోటేశ్వరమ్మ గారు మీరేనా?

ఊరంతా చూస్తుండగా పరువు పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలనుందా? అయితే ఇలా దగ్గరికి జరగండి. ఆ విద్యలో నన్ను మించినవాడు గుంటూరు జిల్లాలో లేడు. పైగా నా పరువు ఎవరూ తీయలేదు. మైకు పట్టుకుని నేనే తీసుకున్నాను.

మాది మిరప పండే ఊరు. ఒక ఎన్నికల్లో మా పంచాయతీ మహిళలకు రిజర్వు అయితే మా ఆవిడ కోటేశ్వరమ్మను నిలబెట్టాను. గెలిచింది. మర్నాడే నేను రెండు తెల్ల లాల్చీలు కుట్టించుకున్నాను. "ప్రెసిడెంటు గారూ" అని వీధిలో ఎవరైనా పిలిస్తే, ఆవిడ తల తిప్పేలోపే నేను గుమ్మంలో ఉండేవాణ్ణి.

"సంతకాలు నేనే పెడుతున్నాగదండీ, సభకి కూడా నేనే వస్తాను" అనేది పాపం.

"నీకెందుకే ఆ రొష్టు? నేను చూసుకుంటాగా!" అనేవాణ్ణి, ఏదో మహాత్యాగం చేస్తున్నట్టు మొహం పెట్టి.

మిరపకోతల రోజుల్లో గ్రామసభ పెట్టారు. కొత్తగా వచ్చిన మండలాధికారి కూడా వస్తున్నారన్నారు. సభ పదకొండింటికి. మా ఆవిడకు మాత్రం సాయంత్రం నాలుగింటికని చెప్పాను. అవును, అబద్ధమే. తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

అధికారి వచ్చారు. ముప్పయ్యేళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. సర్పంచ్ కుర్చీలో కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతున్న నన్ను చూశారు.

"మీరు?"

"సర్పంచ్‌నండీ!"

ఆవిడ రిజిస్టర్‌లోకి చూశారు. మళ్లీ నన్ను చూశారు. "కోటేశ్వరమ్మ గారు మీరేనా?"

కాదంటే కుర్చీ దిగాలి. ఆ కంగారులో నోరు జారింది. "అవునండీ" అన్నాను. మైకులో!

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. నవ్వు ఆపుకోలేక ఒకాయన దగ్గుతుంటే ఇంకొకాయన వీపు నిమురుతున్నాడు. అధికారి మొహంలో మాత్రం చిన్న నవ్వైనా లేదు.

"సరే కోటేశ్వరమ్మ గారూ, ఊళ్లో ఆడవాళ్లకి ఏం ఇబ్బందులున్నాయో చెప్పండి."

"ఏ ఇబ్బందీ లేదండీ. ఊరి మొగదల్లో పెద్ద ఆర్చి ఒకటి కట్టిస్తే చాలు."

అప్పుడు లేచింది మస్తాన్‌బీ. కల్లాల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్ద దిక్కు ఆమె.

"ఏమ్మా కోటేశ్వరమ్మా! పొద్దున్నించీ మాపటిదాకా కల్లంలో కూర్చుంటాం. నీళ్లు తాగితే ఒంటేలుకి పోవాల్సొచ్చుద్దని ఆ ఎండలో గొంతు కూడా తడుపుకోం. మరుగుదొడ్డి లేదాయె, చాటు లేదాయె. నీకు తెలవదా తల్లీ, నువ్వూ ఆడదానివేగా!"

ఈసారి నవ్వింది ఆడవాళ్లే. నాకు మాత్రం చెవులు మండిపోయాయి. నా కల్లంలోనూ వాళ్లే కదా పనిచేసేది! ఒక్కళ్లూ నీళ్లెందుకు తాగరని నేనెన్నడూ అడగలేదు.

ఇంతలో మస్తాన్‌బీ ఫోన్ చేసి రమ్మందేమో, మా ఆవిడ వచ్చేసింది. చేతికి మిరప కారం, ఆ చేతిలో నోటుపుస్తకం. నా వంక చూడనైనా చూడలేదు.

"మేడం, కల్లాల పక్కన పంచాయతీ స్థలం ఉందండి. కొలిచి పెట్టాను. నాలుగు మరుగుదొడ్లు, ఒక కుళాయి కావాలి. ముందు అది రాసుకోండి."

"మరి ఆర్చి?" అన్నారు అధికారి.

"ఊళ్లోకొచ్చే దారి అందరికీ తెలుసండి" అంది మా ఆవిడ.

చప్పట్లు కొడుతుంటే కుర్చీలోంచి లేచాను. కూర్చోవడానికి చోటు లేదు. మస్తాన్‌బీ చాప మీద కాస్త జరిగి, "రా కోటేశ్వరమ్మా, ఇటు కూర్చో" అంది. కూర్చున్నాను, ఆడవాళ్ల మధ్య. మా ఆవిడ మాట్లాడుతుంటే మొదటిసారి విన్నాను. ఇంట్లో ఇంత తెలివైన మనిషిని పెట్టుకుని సాంబార్ గురించి తప్ప ఏదీ అడగలేదని అప్పుడు తెలిసింది.

మరుగుదొడ్లు కట్టారు. తర్వాతి ఎన్నికల్లో మా ఊరికి రిజర్వేషన్ లేదు. అయినా ఆవిడే నిలబడింది, ఆవిడే గెలిచింది. నేను ఇంటింటికీ కరపత్రాలు పంచాను.

కనుక సర్వజనులకూ తెలియజేయునది ఏమనగా: ఈ జన్మలో మా ఆవిడ కుర్చీలో కూర్చోను. అది మా ఇంటి అరుగు మీది ప్లాస్టిక్ కుర్చీ అయినా సరే, ముందు అడిగి, ఆవిడ సరేనంటేనే కూర్చుంటాను. అది కూడా అంచు మీదే.