ఎక్కడా ఆగని విమానం

లుడివీనా మా పక్క వీధి మనిషి. మనీలా పక్కనే ఉన్న మా పసాయ్‌లో విమానం టికెట్లు అమ్మీ అమ్మీ జుట్టు నెరిసింది. మనీలా నుంచి ఏ ఊరు ఎంత దూరమో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. టొరంటో సంగతైతే అడక్కుండానే చెప్పేది: పదమూడు వేల కిలోమీటర్ల పైమాటే, ఎక్కడా ఆగకపోతే పదిహేను గంటలు దాటుతుంది. ఆమె చెల్లెలు పెర్లా అక్కడ ముసలివాళ్ళ ఇళ్ళలో పనిచేసేది.

మాలో చావింటి నుంచి నేరుగా ఇంటికి పోరు. దారిలో ఎక్కడైనా ఆగి, ఏదో ఒకటి తిని, వెంటబడి వచ్చిన ఆత్మలను అక్కడే వదిలించుకుని వెళ్తారు. నా భోజనాల కొట్టు సగం వాళ్ళ మీదే నడుస్తుంది. అలాంటివాళ్ళకు లుడీ ఎక్కడా ఆగని విమానం టికెట్ ఇచ్చేది కాదు.

"చావింటి నుంచా? టోక్యోలో దిగి, కడుపులో ఏదైనా వేసుకుని, ఇంకోటి ఎక్కండి."

"కమిషన్ కోసం దెయ్యాలను కూడా వాడుకుంటున్నావే!" అని ఏడిపించేదాన్ని.

మొన్న పెర్లా పోయింది. లుడీ వెళ్ళి మట్టి చేసి వస్తుంటే టోక్యో విమానం రద్దయింది. నేరుగా వచ్చేదాంట్లో ఎక్కించారు. ఇక్కడ దిగగానే కూతురి ఫోను, మనవరాలికి ఒళ్ళు కాలిపోతోందని.

మిట్టమధ్యాహ్నం, పెట్టె ఈడ్చుకుంటూ నా కొట్టు ముందు ఆగింది. మొహంలో నెత్తురు లేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళు పెట్టాను.

"రెండు గ్లాసులు ఎందుకు పెట్టావక్కా?"

చూసుకున్నాను. నిజంగానే రెండు పెట్టాను.

"విమానంలోనూ ఇంతే. పక్క సీటు ఖాళీ. భోజనాలు రెండు పెట్టింది వడ్డించే పిల్ల. ఇక్కడెవరూ లేరమ్మా అంటే, 'ఆవిడ నిద్ర లేచాక తింటారు లెండి' అంది."

రెండో గ్లాసు తీసేయబోయి, మళ్ళీ అక్కడే పెట్టాను.

"వచ్చే ఏడు ఇంటికొస్తా, వచ్చే ఏడొస్తా అంటూనే పోయిందక్కా. ఇప్పుడు గుమ్మం దాకా వచ్చింది. ఇక్కడ వదిలేసి పొమ్మంటావా?"

"పసిదానికి జ్వరమే. వెంటబెట్టుకుని వెళ్తావా?"

నేను వడ్డించిన కంచం లుడీ ముందుకు లాక్కుంది. పులుసన్నం నాలుగు ముద్దలు ఏడుస్తూనే మింగింది. లేచి ఖాళీ కుర్చీ వైపు చూసి, "కూర్చోవే, అక్క దగ్గర కూర్చో," అంది. వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పాప జ్వరం దిగింది. అప్పటినుంచి లుడీ మా వీధిలో నడవడం మానేసి, చుట్టూ తిరిగి పోతోంది. నాకేం కోపం లేదు.

భయం మాత్రం ఉంది, అబద్ధమెందుకు. అయినా రోజూ ఆ ఖాళీ కుర్చీ ముందు ఓ గిన్నెడు పులుసు పెడతాను. కొట్టు కట్టేటప్పుడు ఆ కుర్చీని బల్ల వైపు తిప్పి వెళ్తాను. పొద్దున వచ్చేసరికి అది లుడీ ఇంటి వైపు తిరిగి ఉంటుంది. పాపం, అంత దూరం ఎగిరొచ్చింది. ఇల్లు వీధి మలుపులోనే ఉంది.