మామ కారుకు కొత్త బ్రేకు ప్యాడ్లు

ఆ రోజుల్లో, అంటే డిప్లొమా ముగించి కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లులో ట్రెయినీగా చేరిన కొత్తలో, గళ్లు గీసి రాస్తే తేలని విషయం లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. కనుక ముందు జాబితా. ఆ ఉదయం మామ కారులో మనుషులు నలుగురు: స్టీరింగు దగ్గర నేను, పక్కన మామ, వెనక అత్త, అత్త పక్కన మరదలు. వస్తువులు: అత్త ఒళ్లో అరిసెల డబ్బా ఒకటి, మల్లెపూల పొట్లం ఒకటి, ముందు చక్రాలకు గంట క్రితమే బిగించిన కొత్త బ్రేకు ప్యాడ్లు నాలుగు. ఇవి కాక, ఉండి కూడా పైకి కనబడనిది ఇంకొకటి ఉంది. అది నేను మరదలి గురించి చెప్పాల్సిన మాట.

విరుదునగర్‌లో మరదలి పెద్దమ్మ ఇంట్లో ఆ రోజు పెళ్లిచూపులు. మా కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. మేనమామ కూతురి విషయంలో మొదటి మాట మేనల్లుడిది. అయితే ఆ మాట ఎవరూ వచ్చి అడగరు. అడిగితే పిల్లను అంటగడుతున్నట్టు ఉంటుందట. మేనల్లుడే నోరు తెరవాలి. తెరవకపోతే ఇష్టం లేదని లెక్క. అప్పుడు వేరే ఇంటివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. నాకు ఇష్టం లేకపోవడమా! ఆమె వాకిట్లో పత్తి ఆరబోస్తుంటే చూడడానికి, ఏ మరమ్మతూ అక్కర్లేని వాళ్ల నీళ్ల మోటారును నెలకు రెండుసార్లు విప్పి బిగించినవాణ్ణి నేను. (ఆ మోటారు తర్వాత నిజంగానే చెడిపోయింది.)

పెళ్లిచూపులకు తొమ్మిది రోజుల ముందు మామ పిలిచి, "అల్లుడా, బండి బ్రేకు కీచుమంటాంది. విరుదునగర్ పోయేలోపల ప్యాడు మార్చిపెట్టు," అన్నాడు. మామూలు మనిషికి అది అరపూట పని. నేను దుకాణం నుంచి మూడు రకాల వివరాలు రాసుకొచ్చాను. ఆర్గానిక్: మెత్తన, చప్పుడు తక్కువ, త్వరగా అరుగుతుంది. సెమీ మెటాలిక్: బలం ఎక్కువ, వేడికి తట్టుకుంటుంది, కాస్త అరుస్తుంది, తాను నొక్కే డిస్కును కూడా కొంత తింటుంది. సిరామిక్: చప్పుడూ తక్కువ, పొడీ తక్కువ, ధర మాత్రం ఎక్కువ. అడ్డం మూడు గళ్లు, నిలువు ఏడు. కారులో మామ వేరుశనగ మూటలు వేసుకుపోతాడు కాబట్టి బరువుకొక గడి, నల్లరేగడి దుమ్ముకొక గడి. మెకానిక్ అన్నాచ్చి నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "తమ్ముడూ, ఇది సంతకు పోయే బండి. కొండ దిగే లారీ కాదు. మెత్తనిది వేసి పంపుతా," అన్నాడు తమిళంలో. నేను ఒప్పుకోలేదు. ఎనిమిది రోజులు ఆలోచించి సెమీ మెటాలిక్ అని తేల్చాను. తొమ్మిదో రోజు, అంటే బయలుదేరే ఉదయం, అన్నాచ్చి వాటిని బిగించాడు.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. అరవై వేగం నుంచి ఇరవైకి దించాలి, మళ్లీ పెంచాలి, మధ్యలో చల్లారనివ్వాలి. ఇలా ముప్పై సార్లు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాదాపు యాభై కిలోమీటర్లు. కిలోమీటరున్నరకు కొంచెం పైన ఒకటి చొప్పున సరిగ్గా సరిపోతుంది. ఆ లెక్క కుదిరినందుకు నాకు కలిగిన ఆనందం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"పూర్తిగా మాత్రం ఆగకూడదు మామా," అని వివరించాను. "వేడిమీద ఆగితే డిస్కుమీద ప్యాడు అచ్చు పడుతుంది. అది లెక్కలోకి రాదు."

"సరి, సరి," అన్నాడు మామ, అర్థం కానప్పుడు అనే గొంతుతో.

ఒకటి. నలుగురి తలలూ ఒకేసారి ముందుకు వంగి లేచాయి. రెండు. అత్త మల్లెపూలు మామ భుజం మీద పడ్డాయి. ఐదోసారికి ఒక బస్టాపు దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు, కారు తమకోసమే నెమ్మదించిందనుకుని సంచులు ఎత్తుకుని పరుగున వచ్చారు. వాళ్లు తలుపు దాకా చేరేసరికి నేను వేగం పెంచాను. మామ కిటికీలోంచి తల బయటపెట్టి తమిళంలో క్షమించమని అరిచాడు. ఎనిమిదోసారి ఒకావిడ గంప ఎత్తుకుని వచ్చింది. పన్నెండోసారి ఒక పోలీసాయన.

"యాలరా అల్లుడా, బస్సు మాదిరి ప్రతి స్టాపులో స్లో చేస్తాండావు, ఒకర్నీ ఎక్కించుకోవు?" అన్నాడు మామ. "ఊరంతా నన్ను తిడతాంది."

"నా అరిసెలు పొడి అయిపోతాండాయి," అంది అత్త. "సంబందం వాళ్లకి చెంచాతో పెట్టాల్సిందే!"

మరదలు నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వడం అద్దంలో కనిపించింది. నేను అద్దంలోంచి చూపు తిప్పి, "పదిహేడు," అన్నాను.

సాత్తూరు దగ్గర మేకలమంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు చక్కగా నిలబడింది. మేకలు ఒక్కొక్కటిగా దాటుతున్నాయి. కారు రేడియోలో ఏదో పాట వస్తోంది.

"బావా," అంది మరదలు వెనకనుంచి, "చెప్పాల్సింది ఏమన్నా ఉండాదా?"

మామ రేడియో ఆపేశాడు. అత్త డబ్బామీది మూతను ఊరికే నొక్కింది. మూడు వాక్యాలు తయారుగా ఉన్నాయి, క్రమసంఖ్యలతో సహా. ఏది ముందు చెప్పాలో తేలలేదు.

"ఉండాది," అన్నాను. "ఇది పందొమ్మిది. ఇంకా పదకొండు."

చివరి మేక దాటింది. కాసేపటికి మామే మళ్లీ రేడియో పెట్టాడు.

విరుదునగర్‌లో పెద్దమ్మ ఇంటి ముందు ఆపేసరికి ముప్పై పూర్తయ్యాయి. అదే మాట గట్టిగా అన్నాను, ఎవరో అడిగినట్టు. మామ, అత్త లోపలికి పోయారు. మరదలు చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ నా కిటికీ దగ్గర ఒక్క క్షణం నిలబడింది.

"ముప్పై కాదు బావా, ఇరవై తొమ్మిదే. మేకల దగ్గర నిండా నిలబడిపోయినావు. అది లెక్కలోకి రాదని నువ్వేదాన్ చెప్పినావు."

దారి పొడవునా ఆమె కూడా లెక్కపెడుతూ వచ్చిందన్నమాట. నేను నోరు తెరిచాను. అప్పటికే పెద్దమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

పెళ్లికొడుకు మంచివాడు, అరిసెల పొడి చెంచాతో మారు వడ్డించుకుని తిన్నాడు. ఆ సంబంధమే కుదిరింది. కొన్ని నెలల తర్వాత అత్త నాకు కాఫీ ఇస్తూ, "ఆ పొద్దు సాత్తూరులో నువ్వు ఒక్క మాట అనుంటే మీ మామ అక్కడే బండి తిప్పుండును," అంది. కోపంగా కాదు, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. ఇప్పుడు నేనే పదిమంది ట్రెయినీలకు పని నేర్పుతున్నాను. బ్రేకు గురించి చెప్పాల్సి వస్తే, సంతకు పోయే బండికి మెత్తని ప్యాడు చాలని, రోజులు తీసుకోవద్దని మాత్రం చెబుతాను. కాగితం పట్టుకుని ఎనిమిది రోజులు తిరిగిన ఆ కుర్రవాడిమీద నాకు కోపం రాదు. నవ్వొస్తుంది, నవ్వు అయిపోయాక కాసేపు ఏ పనీ తోచదు.

ఆ రోజు వాళ్లు భోజనానికి ఆగిపోయారు. నాకు సాయంత్రం షిఫ్టు ఉంది. కారు తీసుకుని ఒక్కణ్ణే వెనక్కి బయలుదేరాను. సాత్తూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. అరవైకి పెంచి ఇరవైకి దించాను. పూర్తిగా ఆపలేదు. దాంతో ముప్పై.